పిల్లల పేరున దాచిన డబ్బు పిల్లలకే తెలియకుండా పోతోంది

సంపాదకులు గారికి,

నమస్కారం.

మా అమ్మ సంవత్సరీకాలు అయిన మర్నాడు, తణుకు దగ్గర మా పుట్టింట్లో ఆమె ట్రంకు పెట్టె సర్దుతుండగా, అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద నా పేరున ఉన్న బ్యాంకు పాసుపుస్తకం ఒకటి దొరికింది. నీలం అట్ట, గుడ్డ అతికించిన వెన్ను, లోపల ఊదా రంగు సిరాతో చేత్తో వేసిన పద్దులు, ప్రతి పద్దు పక్కన గుమస్తా పొట్టి సంతకం. మొదటి పద్దు 1983 జూన్‌లో పది రూపాయలు. అప్పటికి నేను నాలుగో తరగతి. చివరి పద్దు 1991 జులైలో, నిల్వ 1,146 రూపాయల 35 పైసలు. ఆ తరవాత పేజీలన్నీ ఖాళీ. నాన్నగారు రైస్ మిల్లులో గుమస్తాగా పనిచేసేవారు. జీతం వచ్చిన వారంలో ఐదో పదో తీసుకెళ్లి నా పేరున వేసి వచ్చేవారని తెలుసు గానీ, ఆ పుస్తకం ఏమైందో, ఖాతా మూసేశారో లేదో నేనెన్నడూ అడగలేదు. నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మ చివరి రోజుల్లో రెండు మూడుసార్లు “నీ పేరు మీద ఏదో ఉండాలమ్మా” అంది; ఆమెకు బ్యాంకు పేరు గుర్తులేదు, నాకు వినే ఓపిక లేకపోయింది.

ఆ డబ్బు తిరిగి పొందడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో తెలుసుకున్నది నాలాంటి వేలమందికి పనికి రావచ్చనీ, మార్చవలసిన సంగతులు కొన్ని అధికారుల దృష్టికి వెళ్లాలనీ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. అందువల్ల ఇందులో లెక్కలు కాస్త ఎక్కువగా ఉంటే మన్నించి చదవమని మనవి.

ముందుగా నియమాల సంగతి. సేవింగ్స్ ఖాతాలో రెండేళ్లకు మించి ఖాతాదారు ఎటువంటి లావాదేవీ జరపకపోతే బ్యాంకు దానిని నిర్వహణలో లేని ఖాతాగా వేరు చేస్తుంది. అదే స్థితి పదేళ్లు కొనసాగితే, అందులోని సొమ్మును రిజర్వు బ్యాంకు దగ్గర ఉండే డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి జమ చేయాలి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో ఇందుకోసం 26ఎ సెక్షన్‌ను చేర్చారు. నిధి పథకం 2014 మే 24న అమల్లోకి వచ్చింది. చాలామంది ఇక్కడే పొరబడతారు. నిధికి వెళ్లిందంటే ప్రభుత్వం తీసేసుకున్నట్టని అనుకుని ఊరుకుంటారు. అది నిజం కాదు. ఖాతాదారు గానీ వారసులు గానీ ఎన్నేళ్ల తరవాత వచ్చి అడిగినా ఆ బ్యాంకే వడ్డీతో సహా చెల్లించి, తరవాత నిధి నుంచి రాబట్టుకోవాలి. బ్యాంకు డిపాజిట్లకు ఈ విషయంలో కాలపరిమితి లేదు. 2024 మార్చి చివరికి ఇలా ఎవరూ అడగని డిపాజిట్ల మొత్తం 78,213 కోట్ల రూపాయలని రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక చెప్పింది. అందులో ఇలా చిన్నప్పుడు తెరిచినవి ఎన్నో విడిగా లెక్క కట్టి చెబితే బాగుండును; ఎందుకంటే ఆ ఖాతాల సమస్య మిగిలిన వాటి సమస్య వంటిది కాదు.

పెద్దవాళ్లు తాము తెరిచిన ఖాతాను మరిచిపోతారు. పిల్లల ఖాతా అటువంటిది కాదు. దానిని తెరిచింది ఒకరు, దాని సొంతదారు మరొకరు. తెరిచినవారి జ్ఞాపకంతోనే అది బతుకుతుంది; వారు పోతే, లేదా మతిమరుపు వస్తే, సొంతదారుకు అలాంటిదొకటి ఉందన్న కబురు కూడా అందదు. తనకు తెలియని దానిని ఎవరైనా మరిచిపోవడం ఎలా సాధ్యం? అందుచేత “ఖాతాదారులు నిర్లక్ష్యం చేశారు” అన్న మాట ఇక్కడ చెల్లదు. పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఆ ఖాతా ఆమెదేనని చెప్పవలసిన బాధ్యత, ఆమె పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న సంస్థ మీద ఉంటుంది. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఈ మాట రిజర్వు బ్యాంకు కూడా ఇప్పుడు అంగీకరించింది. 2025 ఏప్రిల్ 21న మైనర్ల ఖాతాలపై ఇచ్చిన ఆదేశాలలో, మైనారిటీ తీరిన ఖాతాదారు నుంచి కొత్త నిర్వహణ సూచనలు, నమూనా సంతకం తీసుకోవాలనీ, ఆ అవసరాన్ని ముందుగానే వారికి తెలియజేయాలనీ బ్యాంకులకు చెప్పింది. చాలా సంతోషం. అయితే ఇది ఇకముందు పద్దెనిమిది నిండేవారికి ఉపయోగపడుతుంది. 1970ల నుంచి మొన్నటి దాకా మేజర్లయిన మా తరాల సంగతి ఏమిటి? 1992లో నాకు పద్దెనిమిది నిండినప్పుడు ఒక పోస్టుకార్డు ముక్క మా ఇంటికి వచ్చి ఉంటే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

ఇక నా అనుభవం. ఖాతా ఉన్న బ్యాంకు తరవాత వేరే బ్యాంకులో కలిసిపోయింది. శాఖ కూడా చోటు మారింది. ఖమ్మంలో అదే బ్యాంకు శాఖకు పాసుపుస్తకం తీసుకుని వెళ్తే, “మేడమ్, ఇది పాత నంబరు, కంప్యూటర్లో రాదు, ఖాతా ఉన్న శాఖకే వెళ్లండి” అన్నారు. వెళ్లాను. అక్కడ ఆ నంబరు చూసి, పాత లెడ్జర్లు లేవన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక యువ అధికారి ఓపికగా కూర్చుని, నిధికి పంపిన ఖాతాల జాబితా తెరిచి, ఊరి పేరునూ నాన్నగారి పేరునూ బట్టి వెతికితే పావుగంటలో దొరికింది. అందులో నా పేరు ఇంగ్లిషులో ఎక్స్ అక్షరంతో ‘లక్ష్మి’ అని ఉంది. ఆధార్‌లో కే, ఎస్, హెచ్ అక్షరాలతో ఉంది. పేరు పెట్టి వెతికినన్నాళ్లూ దొరకకపోవడానికి కారణం ఆ ఒక్క అక్షరమే. వెంకట, వేంకట, సత్యనారాయణ, సత్యన్నారాయణ, ప్రసాద్, ప్రసాదు — మన పేర్లను ఇంగ్లిషులో రాసేటప్పుడు గుమస్తా చేతికి ఎలా వస్తే అలా పడిన కాలం అది. మీలో ఎవరైనా వెతికితే, మీ పేరును మీరు రాసే విధంగానే కాక ఎన్ని విధాలుగా రాయవచ్చునో అన్ని విధాలుగానూ వెతకండి.

దొరికిన తరవాత అసలు చిక్కు మొదలైంది. పాసుపుస్తకంలో ఉన్నది మా పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో, పాన్‌లో ఉన్నది అత్తింటి ఇంటిపేరు. “ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి?” అని అడిగారు. అడగడం తప్పని నేననను. ఇంకొకరి సొమ్ము మరొకరికి పోకూడదు కదా. కానీ మాది 1994 పెళ్లి, పల్లెటూళ్లో జరిగింది, రిజిస్ట్రేషన్ లేదు. పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లో, ఉంటున్నది తెలంగాణలో. ఏ తహసీల్దారు ధృవపత్రం ఇవ్వాలన్నది రెండు చోట్లా తేలలేదు. చివరికి పదో తరగతి ధృవపత్రం — అందులో పుట్టింటి ఇంటిపేరు, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ మూడూ ఉన్నాయి — దానికి తోడు మా పెళ్లి శుభలేఖ, నోటరీ ముందు ఇచ్చిన అఫిడవిట్ జతచేస్తే ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ల నాటి ఆ పసుపు రాసిన శుభలేఖ మా అత్తగారు దేవుడి గదిలో దాచబట్టి సరిపోయింది. లేనివారు ఏం చేయాలి?

ఇది ఆడపిల్లలకు ప్రత్యేకంగా వచ్చే కష్టం. కొడుకు పేరున వేసిన ఖాతా అయితే ఇంటిపేరు మారదు, చాలాసార్లు ఊరూ మారదు. కూతురి పేరున వేస్తే పెళ్లితో పేరు మారుతుంది, చిరునామా మారుతుంది, పాసుపుస్తకం మాత్రం పుట్టింటి పెట్టెలోనే ఉండిపోతుంది. “ఆడపిల్ల పేరున కాస్త దాచాలి” అన్న ఆలోచనతో మన తల్లిదండ్రులు కట్టిన ఖాతాలు ఆడపిల్లలకే అందడం కష్టమవుతోంది. పది వేల రూపాయల లోపు మొత్తాలకైనా పదో తరగతి ధృవపత్రాన్నీ, తండ్రి పేరు ఉన్న ఏదో ఒక పాత కాగితాన్నీ, స్వయంగా రాసి ఇచ్చే హామీపత్రాన్నీ చాలినవిగా అన్ని బ్యాంకులూ ఒకే తీరున అంగీకరించేలా రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు అది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి మంచితనం మీద ఆధారపడి ఉంది.

వడ్డీ విషయం కూడా చెప్పాలి. మొదట నా చేతికిచ్చిన లెక్క కాగితంలో పదహారు వందలకు కాస్త తక్కువగా వేశారు. 1,146 రూపాయలకు 2014 నుంచి మాత్రమే వడ్డీ కట్టారన్నమాట. 1991 నుంచి 2014 దాకా ఇరవై మూడేళ్ల వడ్డీ ఏమైందని అడిగాను. సేవింగ్స్ ఖాతాలో లావాదేవీలు ఉన్నా లేకపోయినా వడ్డీ క్రమంగా జమ చేస్తూనే ఉండాలన్నది రిజర్వు బ్యాంకు చాలా ఏళ్ల కిందటే ఇచ్చిన ఆదేశం. 2024 జనవరి 1న వెలువడిన సర్క్యులర్ కూడా ఇదే చెబుతోంది. ఈ సంగతి రాతపూర్వకంగా ఇచ్చిన మూడు వారాలకు కొత్త లెక్క వచ్చింది: నాలుగు వేల పైచిల్లర. నిధికి వెళ్లిన తరవాతి కాలానికి వడ్డీ రేటు 2018 జూన్ 30 దాకా 4 శాతం, ఆ తరవాత 3.5 శాతం, 2021 మే 11 నుంచి 3 శాతం. మీ చేతికి లెక్క కాగితం ఇచ్చినప్పుడు ఈ మూడు అంకెలూ దగ్గర పెట్టుకుని చూసుకోండి. నిధికి వెళ్లడానికి ముందు కాలపు వడ్డీ వేశారో లేదో ముందుగా చూడండి.

1991లో పది గ్రాముల మేలిమి బంగారం మూడున్నర వేల రూపాయల దగ్గర ఉండేది. అంటే నాన్నగారు నా పేరున ఉంచిన సొమ్ముతో ఆనాడు మూడు గ్రాములకు పైగా వచ్చేది. ఇవాళ పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటిన సంగతి అందరికీ తెలుసు; నాకు అందిన నాలుగు వేలకు అర గ్రాము కూడా రాదు. అమ్మ ఆ డబ్బుతో నాకు బుట్టలు చేయిద్దామంటే, “బ్యాంకులో ఉంటే భద్రం, చదువుకు పనికొస్తుంది” అన్నారట నాన్న. ఆయన నమ్మకాన్ని నేను తప్పుపట్టలేను. ఒక మిల్లు గుమస్తా తన కూతురి కోసం ఒక సంస్థను నమ్మి నెలనెలా పదేసి రూపాయలు కట్టాడు. ఆ నమ్మకానికి బదులుగా ఆ సంస్థ చేయవలసింది, సొమ్ము సొంతదారును వెతకడం. పైకం విలువ ఇలా కరిగిపోతుంది కనుకనే, ఆలస్యం చేయవద్దని చదివేవారికి చెబుతున్నాను.

వెతకడం ఎలా అన్నది ఇప్పుడు చెబుతాను. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 17న ‘ఉద్గమ్’ అనే పోర్టల్‌ను ప్రారంభించింది. ఫోను నంబరుతో నమోదు చేసుకుని, పేరు ఇచ్చి, బ్యాంకును ఎంచుకుని, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీలలో ఏదో ఒకటి ఇస్తే వెతుకుతుంది. అవేవీ లేకపోతే చిరునామాతో వెతకవచ్చు. 2024 మార్చి నాటికి 30 బ్యాంకులు అందులో చేరాయి. డబ్బు పోర్టల్‌లో రాదు. ఫలానా బ్యాంకులో మీ పేరున ఉన్నదన్న కబురూ, ఒక గుర్తింపు సంఖ్యా వస్తాయి. వాటితో బ్యాంకుకే వెళ్లాలి. మంచి ఏర్పాటే. కానీ నాలుగో తరగతి పిల్లకు 1983లో పాన్ ఎక్కడిది, ఓటరు కార్డు ఎక్కడిది? పుట్టిన తేదీ కూడా పాత ఖాతాల్లో చాలా వాటికి కంప్యూటర్లోకి ఎక్కలేదు. మిగిలేది చిరునామా ఒక్కటే. అందులోనూ ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కో తీరున రాస్తారు. పిల్లల ఖాతా దరఖాస్తులో తప్పనిసరిగా ఉండేది సంరక్షకుని పేరు. తండ్రి పేరుతోనో తల్లి పేరుతోనో వెతికే వీలు ఆ పోర్టల్‌లో కల్పిస్తే, నాకు ఆ యువ అధికారి పావుగంటలో తీసిపెట్టినట్టు ఇంకెందరికో వారి ఇంటి దగ్గరే దొరుకుతుంది. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

బ్యాంకును ఎంచుకోవడంలోనూ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. పాసుపుస్తకం మీద ఉన్న పేరుతో ఇప్పుడు బ్యాంకు ఉండకపోవచ్చు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో చేరింది. వైశ్యా బ్యాంకు ఐఎన్‌జీ వైశ్యాగా మారి 2015లో కోటక్ మహీంద్రాలో కలిసింది. గ్రామీణ బ్యాంకుల సంగతి మరీ చిక్కు: మన పెద్దలు డబ్బు వేసిననాటి పేర్లు రెండు మూడు విడతలుగా మారి, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి, తెలంగాణలో ఆ ఏడాది జనవరి 1 నుంచి ఉన్నది తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఒక్కటే. బ్యాంకు పేరు మారినా బాధ్యత మారదు. కలుపుకున్న బ్యాంకే చెల్లించాలి. కలిసిపోయిన బ్యాంకుల పాత శాఖల జాబితా, ఇప్పుడు ఆ ఖాతాలు ఏ శాఖ కిందికి వచ్చాయో, తెలుగులో ఒక బోర్డు మీద రాసి ప్రతి శాఖలో పెట్టించడానికి ఎంత శ్రమ?

బ్యాంకుకు వెళ్లేటప్పుడు గట్టిగా అడగవలసినవి మూడు నాలుగు ఉన్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరించిన ఆదేశాల ప్రకారం, నిర్వహణలో లేని ఖాతాను తిరిగి తెరవడానికి కేవైసీ కాగితాలను ఖాతా ఉన్న శాఖలోనే ఇవ్వాలన్న నిబంధన లేదు. ఆ బ్యాంకు శాఖ ఎక్కడ ఉంటే అక్కడ ఇవ్వవచ్చు. ఖమ్మంలో ఈ మాట నాకు తెలిసి ఉంటే రెండు ప్రయాణాలు తప్పేవి. తిరిగి తెరవడానికి రుసుము తీసుకోకూడదు. కనీస నిల్వ లేదన్న నెపంతో ఇటువంటి ఖాతాలపై అపరాధ రుసుము వేయకూడదు. కాగితాలు పూర్తిగా ఇచ్చిన తరవాత మూడు పనిదినాలలో పని చేసి పెట్టాలి. దరఖాస్తు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నాకు పనికొచ్చినది ఆ ముద్రే. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

పోస్టాఫీసు ఖాతాల గురించి మాత్రం నాకు నిజంగా ఆందోళన ఉంది. మన పల్లెల్లో బ్యాంకు కన్నా ముందు వచ్చింది పోస్టాఫీసు. పిల్లల పేరున మొదటి ఖాతా బ్రాంచి పోస్టుమాస్టరు దగ్గర తెరిచినవారే ఎక్కువ. ఉద్గమ్‌లో పోస్టాఫీసు ఖాతాలు రావు. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లావాదేవీ లేని సేవింగ్స్ ఖాతా నిద్రాణమవుతుంది. అక్కడి నుంచి ఏడేళ్లు ఎవరూ అడగకపోతే, 2016 నాటి నిబంధనల ప్రకారం ఆ సొమ్ము వయోవృద్ధుల సంక్షేమ నిధికి పోతుంది. అటువంటి నిధి ఉండడం మంచిదే. అయితే అక్కడికి చేరిన నాటి నుంచి ఇరవై ఐదేళ్లలోపు అడిగితేనే తిరిగి వస్తుంది. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వానికి చెందుతుంది. బ్యాంకులో దాచినవారికి లేని గడువు పోస్టాఫీసులో దాచినవారికి ఎందుకు? పోస్టాఫీసులో దాచినవారు సాధారణంగా బ్యాంకు గడప ఎక్కడానికి జంకిన పేదవారు. వారి పిల్లల హక్కుకు ముగింపు తేదీ పెట్టడం న్యాయం కాదు. ఆ గడువు తీసివేయాలనీ, కనీసం మైనర్ల పేరున తెరిచిన ఖాతాలకైనా వర్తించకుండా చూడాలనీ, తపాలా శాఖ కూడా తండ్రి పేరు, ఊరి పేరుతో వెతికే సౌకర్యం కల్పించాలనీ మన పార్లమెంటు సభ్యులను కోరుతున్నాను.

బడిలో నడిచిన సంచాయికను కూడా ఇక్కడ గుర్తుచేయాలి. మా ప్రాథమిక పాఠశాలలో శనివారం మధ్యాహ్నం ఒక బెంచీ అడ్డంగా వేసి, ఐదో తరగతి పిల్లలే గుమస్తాలుగా కూర్చుని, పది పైసలు, పావలా జమ చేసుకుని చిన్న పుస్తకంలో రాసిచ్చేవారు. మాష్టారు ఆ చిల్లరంతా మూటగట్టి పోస్టాఫీసులో బడి పేరున వేసేవారు. పిల్లలకు ఉమ్మడి ఖాతా అది. బడి వదిలినప్పుడు కొందరు తీసుకున్నారు, చాలామంది తీసుకోలేదు. ఈ సొమ్ము పిల్లల పేరుతో వెతికితే ఎక్కడా కనబడదు. బడి పేరుతోనే కనబడుతుంది. మండల విద్యాధికారులు తమ పరిధిలోని పాత బడుల పేరున ఉన్న పోస్టాఫీసు ఖాతాలను ఒకసారి పరిశీలించి, సొంతదారులను గుర్తించలేని సొమ్మునైనా ఆ బడి గ్రంథాలయానికి ఇప్పించే దారి వెతకాలి. మూతపడిన బడుల విషయంలో ఇది మరీ అవసరం.

పాత కథలుగానే దీనిని చూడవద్దు. ఇప్పటి పిల్లలకూ ఇదే జరగబోతోంది. ఉపకార వేతనాల కోసం ఎనిమిదో తరగతిలో ఒక ఖాతా, ఇంటర్మీడియట్‌లో కాలేజీ దగ్గర మరొకటి, ఇంజినీరింగ్‌లో ఇంకొకటి తెరుస్తున్నారు; ఫోను నంబరు తండ్రిది, ఆ నంబరు రెండేళ్లకొకసారి మారుతుంది. ప్రభుత్వ పథకాల సొమ్ము, ఉపకార వేతనాలు పడే ఖాతాలను లావాదేవీలు లేవన్న కారణంతో పక్కన పెట్టవద్దని రిజర్వు బ్యాంకు చెప్పడం ఊరట. 2015 జనవరిలో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతాల్లో ఏటా కనీసం 250 రూపాయలు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది, పిల్లకు పద్దెనిమిది నిండాక నిర్వహణ ఆమె చేతికి రావాలి. ఆ సంగతి పిల్లకు ఎవరు చెబుతున్నారు? 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన బాలికా సంరక్షణ పథకం కింద, ఒక్క ఆడపిల్లతో కుటుంబ నియంత్రణ పాటించిన తల్లిదండ్రుల బిడ్డకు 20 ఏళ్లు నిండాక లక్ష రూపాయలు, ఇద్దరు ఆడపిల్లలైతే ఒక్కొక్కరికి 30 వేల రూపాయలు, షరతులకు లోబడి జీవిత బీమా సంస్థ ద్వారా ఇస్తామన్నారు. ఆనాటి పసిపిల్లలు సరిగ్గా ఇప్పుడే ఇరవైల్లోకి వస్తున్నారు. ఆ బాండు కాగితాలు ఏ ఇంట ఏ బీరువాలో ఉన్నాయో తల్లులు ఇవాళే తీసి చూసి, అంగన్‌వాడీ ద్వారా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో విచారించమని ప్రార్థిస్తున్నాను.

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2025 అక్టోబరు 4న గాంధీనగర్‌లో “మీ డబ్బు, మీ హక్కు” అన్న ప్రచారాన్ని ప్రారంభించారు. మూడు నెలల పాటు దేశవ్యాప్తంగా జిల్లాలలో శిబిరాలు పెట్టారు. నేను వెళ్లిన శిబిరంలో కుర్చీల నిండా పింఛనుదారులే ఉన్నారు. తమ పేరున చిన్నప్పుడు ఏదో ఉందేమోనని వచ్చినవారు నాకు ఒక్కరూ కనబడలేదు. తెలియనివారు రారు కదా. వారిని శిబిరానికి రప్పించడం కన్నా, కబురు వారి దగ్గరికి చేర్చడం మేలు.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు మా పదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. ఇంటికి వెళ్లి తమ పేరున ఉన్న పాసుపుస్తకాలు, బాండ్లు ఏవి ఉన్నా, పెద్దలను అడిగి, సంస్థ పేరు, శాఖ, నంబరు, తెరిచిన ఏడాది, సంరక్షకుని పేరు ఒక నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుని రమ్మన్నాను. నలభై ఒక్కమందిలో పదిహేడుగురికి అప్పటిదాకా తమకు తెలియని ఖాతా ఒకటి ఇంట్లో ఉంది. ఒక పిల్లవాడి తల్లి మర్నాడు బడికి వచ్చి, “టీచరుగారూ, వీడితోపాటు నాదీ ఒకటి దొరికింది, మా నాన్న వేశాడు” అని చీర చెంగులో చుట్టిన పోస్టాఫీసు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. దాని మీద చివరి ముద్ర 1998 నాటిది. ఆమె దరఖాస్తు నేనే దగ్గరుండి రాయించాను. జవాబు కోసం చూస్తున్నాము.

మీ పత్రికకు ఊరూరా విలేకరులున్నారు, జిల్లా ఎడిషన్లున్నాయి. పైనున్న మాటలలో ఏ ఒక్కటి మీకు సబబు అనిపించినా, మీరు చేయగల సాయం ఒకటుంది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లలో ఇంగ్లిషులో పెట్టే జాబితాలు పల్లెల్లో ఎవరూ చూడరు. ఆ జాబితాల్లోని పేర్లను ఊరివారీగా, తండ్రి పేరుతో సహా తెలుగులో ఇవ్వమని జిల్లాలోని బ్యాంకులన్నిటి పనినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్లను మీ తరఫున అడిగి, వారానికొక మండలం చొప్పున జిల్లా పేజీలో ప్రచురించండి. టీ కొట్టు దగ్గర పేపరు చదివేవారు ఫలానావారి అమ్మాయి పేరు ఉందని ఆ ఇంటికి కబురు చేస్తారు.

భవదీయురాలు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా